భూమి చరిత్ర, పాఠం 4: ‘కిందట’ అంటే వెనక్కి నడవాలి

ఈసారి నేరుగా ఆక్సిజన్ సంగతికి వెళ్దామనుకున్నాను. పోయిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక, దాన్ని సరిచేయకుండా కదలకూడదనిపించింది. విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర భూమి పుట్టిందనుకుని మొదలుపెట్టి, భీమిలి వైపు నడుస్తూ డైనోసార్లు అంతరించిన అడుగు గుర్తించమన్నాను కదా. ఒక్కో అడుగుకు 10 లక్షల ఏళ్లు, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు, అంటే 4,540 అడుగులు, మూడు కిలోమీటర్ల పైచిలుకు నడక. ఓపిగ్గా నడిచారు, చాలా సంతోషం. కానీ సగానికి పైగా జనం డైనోసార్లను 66వ అడుగులోనే చంపేశారు! అక్కడ డైనోసార్ కాదు కదా, బ్యాక్టీరియా ఆనవాలు కూడా మనకు దొరకలేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ‘6.6 కోట్ల ఏళ్ల కిందట’ అన్నది చదివి 66 అని లెక్కపెట్టారు. ఆ 66 ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్క, భూమి పుట్టిన రోజు నుంచి ముందుకు కాదు. ‘మూడేళ్ల కిందట పెళ్లయింది’ అంటే ఇవాళ నిలబడి వెనక్కి చూస్తాం, ఎవరికీ అనుమానం రాదు. అంకె కోట్లలోకి వెళ్లేసరికి ఆ అలవాటు పోతోంది. మన మాటలోనే ‘కింద’ ఉంది చూడండి. రాళ్ల పొరల్లోనూ అంతే, తిరగబడకుండా ఉన్న చోట పాతది కింద, కొత్తది పైన. అంకె పెద్దదైతే ఇంకా పాతది, ఇంకా కింద. కాబట్టి 4,540లోంచి 66 తీసేస్తే 4,474వ అడుగు. అక్కడ చనిపోయాయి డైనోసార్లు.

డైనోసార్ల తప్పు కనీసం కంటికి కనిపిస్తుంది, వెంటనే దిద్దుకుంటాం. నన్ను బాధపెట్టేది నడిమధ్య దాక్కునే తప్పు. గాలిలో ఆక్సిజన్ పెరగడం దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది, అంటే 2,140వ అడుగు. పొరపాటున ముందుకు లెక్కపెడితే 2,400 వస్తుంది. మూడు కిలోమీటర్ల నడకలో 260 అడుగుల తేడా ఎవరు పట్టించుకుంటారు? ఇప్పుడు కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లను చూడండి, అవి సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి, 2,640వ అడుగు. తప్పు లెక్కలో అవి 1,900 దగ్గరకు పోతాయి, అంటే ఆక్సిజన్ కంటే ముందుకు! ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ మారిపోతే ఏది దేనివల్ల జరిగిందో చెప్పడానికి ఇంకేం మిగలదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

నేను మాత్రం తీసివేత జోలికే వెళ్లను. ‘ఇవాళ’ అనుకున్న చివర నిలబడి వెనక్కి నడుస్తాను, అంకెలు ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి. ఇంకో కిటుకు, భూమి చరిత్రను నాలుగు పెద్ద కాలాలుగా విడదీస్తారు: పుట్టినప్పటి నుంచి మొదటి 540 అడుగులు హేడియన్, చివరి 539 ఫానెరోజోయిక్, రెండు కొసలూ ఇంచుమించు సమానం. మధ్యలో ఆర్కియన్ 1,500, ప్రొటెరోజోయిక్ 1,961. స్కూల్లో మనం బట్టీపట్టిన పురాజీవ, మధ్యజీవ, నవజీవ మహాయుగాలు మూడూ ఆ చివరి 539లోనే సర్దుకోవాలి: 287, 186, 66.

ఇక ఆ పొడవాటి మధ్య భాగంలో ఏముంది? ఎక్కువగా సూక్ష్మజీవులే. ఆస్ట్రేలియాలోని పిల్బరాలో 348 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటొలైట్లు దొరికాయి. స్ట్రోమటొలైట్ అంటే లోతు తక్కువ నీళ్లలో జిగటగా పరుచుకున్న సూక్ష్మజీవుల చాప మీద సన్నని మట్టి పడి, దాని మీద ఇంకో చాప, మళ్లీ మట్టి, అలా పేరుకున్న రాయి. మన వేంపల్లె సున్నపురాయిలోనూ ఉన్నాయి, నిలువుగా కోసి చూస్తే నడుమ ఉబ్బిన అట్ల దొంతరలా ఉంటాయి.

ఆ కాలపు జీవుల్లో సయనోబ్యాక్టీరియా సూర్యకాంతితో నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలింది. అది వెంటనే గాలిలోకి రాలేదు. అప్పటి సముద్రం నిండా కరిగిన ఇనుము ఉంది, దానితో కలిసి తుప్పుగా మారి సముద్రం అడుగుకు దిగింది. పొరలు పొరలుగా పేరుకున్న అలాంటి ఇనుప రాళ్ల నుంచే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం ఏర్పడింది. కేకే (కొత్తవలస–కిరండూల్) రైలు లైన్ మీదుగా అరకు దాటి మన పోర్టుకు దిగే గూడ్సుల్లో వస్తున్నది అదే. ఆ ముక్క ఎప్పుడైనా చేతికి దొరికితే టైల్ వెనకవైపు గరుకు మీద గీయండి. ముక్క నల్లగా మెరుస్తున్నా, గీత మాత్రం ఎర్రగా, ఎండిన రక్తం రంగులో పడుతుంది. నేను మొదటిసారి గీసిన రోజు చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

డాల్ఫిన్స్ నోస్ కొండ రాళ్ల మీద చారల ఫోటో పంపి ‘ఇది శిలాజమా’ అని కొందరు అడిగారు. కాదండీ. అది ఖోండలైట్. ఒకప్పటి బురదే, కానీ సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట నేల లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారిపోయింది. అందులో ప్రాణి ఉన్నా దాని ఆకారం మిగిలే అవకాశం లేదు. మిగిలింది గార్నెట్, ఆ ఎర్రని గింజలే అరిగి బీచ్ ఇసుకలో గులాబీ చారలుగా కనిపిస్తాయి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు కూడా అంత పాతవేమో అనుకోకండి, అవి మన నడకలో చివరి అడుగులోనే పుట్టాయి.

అభ్యాసం: తెల్లవారుజామున ఎండ రాకముందే వెళ్లి, ఈసారి ఇవాళ్టి నుంచి వెనక్కి మొత్తం 4,540 అడుగులూ నడవండి. నేల మీద మొక్కలు (47 కోట్లు), ట్రైలోబైట్లు అనే, ఇప్పుడు లేని సముద్రజీవులు (52.1 కోట్లు), మధ్యప్రదేశ్ వైపు చిత్రకూట్‌లో దొరికిన ఎర్ర నాచు శిలాజం (160 కోట్లు), వేంపల్లె, ఆక్సిజన్, పిల్బరా, ఒక్కోచోట ఆగి ఇసుకలో ఓ పుల్ల గుచ్చి అడుగు అంకె రాసుకోండి. తర్వాత తిరుగుదారిలో భూమి పుట్టినప్పటి నుంచి లెక్కపెడుతూ అవే పుల్లల దగ్గర ఆగండి. రెండు అంకెలూ కలిపితే ప్రతిచోటా 4,540 రావాలి. అటూ ఇటూ కలిపి ఆరు కిలోమీటర్లు దాటుతుంది, మంచినీళ్లు తీసుకెళ్లండి. అలలు అందని చోట గుచ్చండి, వెనక్కి వచ్చేసరికి పుల్లలు ఉండాలి కదా.