దుబాయ్‌లో నాలుగు దిర్హమ్‌లు మిగలాలంటే

దుబాయ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు పొదుపు అనగానే ముందు టీలు, బిర్యానీలు మానేస్తారు. జీతంలో పెద్ద ముక్క పోయేది అక్కడ కాదు. అద్దెలో పోతుంది, అద్దె వెంట వచ్చే బిల్లుల్లో పోతుంది, ఇంటికి పంపే డబ్బు మీద, చూసుకోక కట్టే జరిమానాల మీద పోతుంది. సంతకం పెట్టే ముందు అరగంట కూర్చుని లెక్క వేసుకుంటే మిగిలేంత, ఏడాదంతా కడుపు మాడ్చుకున్నా మిగలదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. వీసా, వర్క్ పర్మిట్ ఖర్చు కంపెనీదే. 2021 నాటి యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చును ఉద్యోగి దగ్గర నేరుగా గానీ, ఇంకో పేరుతో గానీ వసూలు చేయకూడదు. జీతంలో ‘వీసా కటింగ్’ కనిపిస్తే ఆ నెల జీతం స్లిప్పు దాచిపెట్టుకుని, కార్మిక శాఖ మోహ్రే యాప్‌లో ఫిర్యాదు చేయండి.

అద్దె

ఒంటరిగా వచ్చినవాళ్లకు బెడ్ స్పేస్, అంటే పంచుకునే గదిలో ఒక్క మంచం అద్దెకు తీసుకోవడం, చవక. కానీ నెల అద్దె ఒక్కటే అడిగి ఒప్పుకోకండి. కరెంటు, నీళ్లు, ఏసీ, వైఫై, గ్యాస్ అందులోనే ఉన్నాయా, విడిగానా అని ఒక్కొక్కటే అడగండి. ‘అన్నీ కలిపే’ అని నోటితో చెప్పి, ఎండాకాలం బిల్లు రాగానే పంచడం మామూలే. ఆ మాటను వాట్సాప్‌లో రాయించుకోండి.

ప్లైవుడ్ అడ్డుపెట్టి చేసిన పార్టిషన్ గది జోలికి మాత్రం వెళ్లొద్దు. అనుమతి లేని పార్టిషన్ చట్టవిరుద్ధం, అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండదు. 2025 జూన్‌లో రిగ్గా, మురక్కబాత్, సత్వా, బర్షా లాంటి చోట్ల మున్సిపాలిటీ వీటిపై గట్టిగా తనిఖీలు చేసింది. రాత్రికి రాత్రి ఖాళీ చేయాల్సి వస్తే ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు, ఎందుకంటే అది చేతికిచ్చిన నగదు, రసీదు ఉండదు. ఫ్లాట్ ఇజారీ, అంటే ప్రభుత్వం దగ్గర నమోదైన అద్దె ఒప్పందం, ఎవరి పేరు మీద ఉందో చూడండి. సహ నివాసిగా మీ పేరు భూమి శాఖ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో నమోదు చేయమనండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

కుటుంబంతో ఉండేవాళ్లు అద్దె పక్కన మొదటి రోజు ఖర్చు కూడా రాసుకోవాలి. ఏడాదికి 60,000 దిర్హమ్‌ల ఫ్లాట్ అనుకుందాం. డిపాజిట్ సాధారణంగా 5 శాతం, అంటే 3,000. ఫర్నిచర్‌తో ఉంటే 10 శాతం. ఏజెంటు కమీషన్ 5 శాతం, దానిపై వ్యాట్‌తో 3,150. కరెంటు, నీళ్ల సంస్థ దేవాకు ఫ్లాట్ డిపాజిట్ 2,000. ఇజారీ, కనెక్షన్ రుసుములు కలిస్తే ఎనిమిదిన్నర వేల దగ్గర తేలుతుంది, అద్దె చెక్కు ఇంకా రాయకముందే. వీటిలో వెనక్కి వచ్చేవి రెండు డిపాజిట్లే. అందుకే చేరిన రోజే గోడలు, బాత్రూమ్, ఏసీ, వంటగది అరలు అన్నీ వీడియో తీసి యజమానికి పంపండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కోత పెట్టబోతే అదే మీ సాక్ష్యం.

చాలామంది మరిచిపోయేది హౌసింగ్ ఫీజు. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి దేవా బిల్లులో కలుపుతారు. 60,000 అద్దెకు నెలకు 250 దిర్హమ్‌లు. కరెంటు ఎంత ఆదా చేసినా ఇది తగ్గదు.

ఏసీ సంగతి తప్పకుండా అడగండి. ‘చిల్లర్ ఫ్రీ’ అంటే చల్లదనం ఖర్చు యజమానిది. లేకపోతే కూలింగ్ కంపెనీకి విడిగా డిపాజిట్, విడిగా బిల్లు. ఆ బిల్లులో వాడకంతో సంబంధం లేని స్థిర చార్జీ ఉంటుంది. డిసెంబరులో ఏసీ కట్టేసినా, నెల రోజులు ఊరెళ్లినా అది పడుతూనే ఉంటుంది. కాబట్టి అద్దె మూడు నాలుగు వేలు ఎక్కువైనా చిల్లర్ ఫ్రీ ఫ్లాటే లాభం కావచ్చు. పాత అద్దెదారు జూలై లేదా ఆగస్టు బిల్లు ఒకటి అడిగి చూసి తేల్చుకోండి.

అద్దె పెంచుతామంటే వెంటనే తలూపకండి. భూమి శాఖ అద్దె సూచీలో మీ ఫ్లాట్ వివరాలు పెట్టి చూడండి. సూచీ చూపే అద్దెకు మీ అద్దె పది శాతం లోపు తక్కువైతే పైసా పెంచకూడదు. 11 నుంచి 20 శాతం తక్కువైతే పెంపు 5 శాతానికి మించకూడదు, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా గరిష్ఠంగా 20 శాతం. పైగా ఒప్పందం ముగియడానికి 90 రోజుల ముందే చెప్పాలి. ఈ రెండూ తెలిసి మాట్లాడితే బేరం తీరే మారిపోతుంది.

బిల్లు పెంచేది ఏసీ ఒక్కటే కాదు, కారే ఫ్లష్ ట్యాంకు కూడా. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి మీటరు ఫోటో తీసుకోండి. పొద్దున్నే నీళ్లు వాడకముందు మళ్లీ చూడండి. అంకె మారితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచి, ఫిల్టర్‌ను నెలకోసారి కడగండి.

రాకపోకలు

మెట్రో, బస్సుల్లో చార్జీ కట్టే కార్డు పేరు నోల్. మెట్రోలో సిల్వర్ నోల్ కార్డుతో ఒక జోన్‌లో 3, పక్క జోన్‌కు 5, అంతకు మించితే 7.50 దిర్హమ్‌లు. ముప్పై రోజుల పాస్‌లు 140, 230, 350. పాస్ ఎప్పుడూ చవకే అనుకోవడం పొరపాటు. రోజూ వెళ్లి వచ్చేవాళ్లకు మూడింటిలోనూ లాభం దాదాపు 24వ రోజు నుంచే మొదలవుతుంది. వారానికి ఆరు రోజుల పని అయితే పాస్ తీసుకోండి. ఐదు రోజుల పని అయితే, సెలవు రోజుల్లో తిరగకపోతే, విడిగా కట్టడమే మేలు. మెట్రో దిగి అరగంటలోపు బస్సెక్కితే అదే ప్రయాణం కింద లెక్క. కాబట్టి దిగాక టీ తాగి నింపాదిగా బస్సెక్కితే కొత్త చార్జీ పడుతుంది. బస్సు దిగేటప్పుడు కార్డు తాకించడం మరవకండి.

ఇంటికి పంపే డబ్బు

1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హమ్‌లుగా స్థిరం. కాబట్టి మన రేటు మారడమంటే డాలరు ముందు రూపాయి మారడమే. పంపేటప్పుడు ‘ఫీజు లేదు’ అన్న బోర్డు చూసి మోసపోకండి, ఫీజును రేటులో దాచేస్తారు. ఉదాహరణకు ఒకచోట ఫీజు 20, రేటు 23.50, ఇంకోచోట ఫీజు లేదు, రేటు 23.20 అనుకోండి. చేతిలో 1,000 దిర్హమ్‌లుంటే మొదటిచోట ఇంటికి చేరేది 23,030 రూపాయలు, రెండోచోట 23,200. అదే 2,000 అయితే 46,530, 46,400. చిన్న మొత్తానికి ఫీజు లేనిది, పెద్ద మొత్తానికి రేటు మంచిది. అందుకే వారం వారం కొంచెం కొంచెం పంపకుండా నెలకోసారి పంపండి. పంపేది ఎన్‌ఆర్‌ఈ ఖాతాకైతే (విదేశీ సంపాదన దాచుకునే ప్రవాసుల ఖాతా) వడ్డీపై భారత్‌లో పన్ను లేదు; ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (భారత్‌లో వచ్చే ఆదాయం కోసం ప్రవాసులు పెట్టుకునేది) వడ్డీ మీద 30 శాతానికి పైగా ముందే కోస్తారు. రేటు ఎంత ఊరించినా హుండీ, అంటే బ్యాంకుతో పని లేకుండా దళారుల చేతుల మీదుగా డబ్బు పంపడం, వద్దు. డబ్బు పోతే అడిగే దిక్కు ఉండదు, కేసూ మీ మెడకే.

తిండి, సామాన్లు

బియ్యం, పప్పు, నూనె సూపర్ మార్కెట్ల వారం ఆఫర్లలో కొనండి. కూరగాయలను నలుగురు కలిసి అవీర్ హోల్‌సేల్ మార్కెట్‌లో పెట్టెల లెక్కన తెచ్చుకుంటే బాగా కలిసొస్తుంది. ఒక్కరే టాక్సీలో వెళ్తే మాత్రం మిగిలింది టాక్సీకే సరి.

ఊరి నుంచి కారాలు, పచ్చళ్లు తెచ్చుకోవడం మంచిదే. పచ్చడిని చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. అమ్మ కట్టిచ్చిన మసాలాలో గసగసాలు ఉన్నాయేమో తప్పకుండా అడగండి. యూఏఈలో గసగసాలు నిషేధిత మత్తు పదార్థాల కింద లెక్క, చిటికెడు దొరికినా జైలు దాకా వెళ్లవచ్చు. నొప్పి మాత్రలు, దగ్గు మందులు తెచ్చేవాళ్లు అవి నియంత్రిత జాబితాలో ఉన్నాయేమో చూసుకుని, డాక్టరు చీటీతో తీసుకురండి.

జరిమానాలు

అనుమతి లేనిచోట రోడ్డు దాటితే 400 దిర్హమ్‌లు. సిల్వర్ కార్డుతో మెట్రోలో ఎక్కువ చార్జీ ఉండే గోల్డ్ పెట్టె ఎక్కితే 100, మెట్రోలో ఏదైనా తింటే 100. ఉద్యోగం పోతే ఆదుకునే ఐఎల్ఓఈ బీమాకు, బేసిక్ జీతం 16,000 లోపువాళ్లకు, నెలకు 5 దిర్హమ్‌లే. చేరకపోతే జరిమానా 400. దీన్ని కంపెనీ కడుతుందనుకుని చాలామంది వదిలేస్తారు. చేరాల్సిన బాధ్యత ఉద్యోగిది. పాలసీ ముగిసే తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, వారం ముందే పొడిగించుకోండి. క్లెయిమ్‌కు వరుసగా పన్నెండు నెలల చందా ఉండాలి కాబట్టి మధ్యలో ఒక్క నెల కూడా తెగనివ్వకండి.