విదేశీ నిధి ఆగితే ముందు చూడాల్సిన లెక్క

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరించాక, విదేశీ విరాళాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. ఆ విరాళంలో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. పెద్ద సంస్థ పంపే వాటా మీద నడిచిన జిల్లా సంస్థలకు మొదటి నిబంధనే ఎసరు పెట్టింది. మీదీ అలాంటి సంస్థే అయితే, కొత్త దాత కోసం తిరగడం కన్నా ముందు ఖాతాలో డబ్బు ఎవరిదో తేల్చుకోండి.

ఉదాహరణకు బ్యాంకులో 18 లక్షలు ఉన్నాయనుకుందాం. అందులో 11 లక్షలు ఫలానా ప్రాజెక్టుకే ఖర్చు పెట్టాలని దాత షరతు పెట్టినవి. మిగిలిన 7 లక్షల్లో గ్రాట్యుటీ, పీఎఫ్ బకాయిలు లక్ష. అంటే మీ చేతిలో ఉన్నది 6 లక్షలే. జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెలకు లక్షన్నర అయితే నాలుగు నెలలు. చాలామంది 18ని లక్షన్నరతో భాగించి ఏడాది ఉందనుకుంటారు, సంస్థలు మునిగేది అక్కడే. ప్రాజెక్టు డబ్బుతో ఆఫీసు జీతాలిచ్చి, తర్వాత సర్దుదామనుకుంటే ఆడిట్‌లో దొరికిపోతారు.

పరిపాలన ఖర్చు లెక్కలోనూ ఒక పొరపాటు మామూలే. బడి టీచర్ల జీతం, ఆసుపత్రి డాక్టర్ల జీతం ఆ 20 శాతంలోకి రావు. అకౌంటెంటు జీతం, ఆఫీసు అద్దె వస్తాయి. అన్ని జీతాలనూ ఒకే పద్దులో రాసేసి, పరిమితి దాటిందని కంగారుపడే సంస్థలున్నాయి.

నాలుగు నెలలే ఉన్నాయని తేలితే అన్ని పనులనూ కొంచెం కొంచెం కోయకండి. జీతాలు సగం చేస్తే మంచి పనివాళ్లే ముందు వెళ్లిపోతారు. ఒక కార్యక్రమాన్ని పూర్తిగా ఆపి, మిగతావి నిలబెట్టండి. ఆ నిర్ణయం బోర్డు తీర్మానంగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. సిబ్బందికి అదే వారంలో, లెక్క చూపించి చెప్పాలి. దాచిపెడితే వార్త డ్రైవరు ద్వారా ముందే పాకుతుంది.

ఆపే పనిని ఊరికి అప్పజెప్పడంలోనే అసలు తిప్పలు. సాయంత్రం చదువు కేంద్రాన్ని గ్రామైక్య సంఘానికి ఇస్తున్నారనుకోండి: తాళంచెవి ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరు కడతారు, హాజరు రిజిస్టరు ఎవరు రాస్తారు, బీరువాలో పుస్తకాలెన్ని? ఇవి కాగితం మీద రాసి ఇరువైపులా సంతకాలు చేయించండి. రెండు నెలలు పక్కనే ఉండి చూడండి. బిల్లు సంగతి తేలకపోతే మూడో నెల ఫ్యూజు పీకుతారు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధి అడగాలంటే సంస్థకు సీఎస్‌ఆర్-1 ఫారం ద్వారా నమోదు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. అయితే కంపెనీలు ప్రాజెక్టుకు ఇచ్చినంత సులువుగా అకౌంటెంటు జీతానికి ఇవ్వవు. దరఖాస్తు బడ్జెట్‌లోనే ఆ జీతంలో ప్రాజెక్టు వాటాను విడిగా చూపించండి. చెక్కు వచ్చాక అడిగితే ఒప్పుకోరు.