పాత కారు ఆక్సిజన్ సెన్సర్ విప్పే ముందు

ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ని కొత్తది బిగించడం పది నిమిషాల పని. పాతది ఊడిరావడమే అసలు తంటా. పదిహేనేళ్లు వేడెక్కుతూ, చల్లారుతూ, వాన నీళ్లలో తడుస్తూ ఉన్న సెన్సర్ మానిఫోల్డుతో (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టంతో) ఏకమైపోయి ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన బండయితే మరీను. మొండిగా లాగితే సెన్సర్‌తో పాటు మానిఫోల్డు మరలు కూడా ఊడొస్తాయి. నేను మొదటిసారి చేసిన నిర్వాకం అదే. సెన్సర్ ఖర్చుకి మానిఫోల్డు విప్పించి మరలు తీయించిన ఖర్చు తోడయింది.

అసలు సెన్సర్ పోయిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో (కారుకి తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరంలో) పీ0135 కోడ్ కనబడితే గొడవ సెన్సర్‌ని వేడెక్కించే హీటర్ సర్క్యూట్‌లో ఉన్నట్టు. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత కనెక్టర్ విప్పి రెండు హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే, తెగిపోయిందో లేదో తెలిసిపోతుంది. పీ0171 వస్తే మాత్రం తొందరపడొద్దు. అది పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అన్న ఫిర్యాదు. చిరిగిన వాక్యూమ్ పైపు వల్ల రావచ్చు, సెన్సర్‌కి ముందు ఎక్కడో సైలెన్సర్ గొట్టం లీకై బయటి గాలి పీలుస్తున్నా రావచ్చు. పాపం సెన్సర్ నిజమే చెబుతూ ఉంటుంది, మనమే దాన్ని మార్చేస్తాం. మామూలు స్కానర్ పట్టని పాత బండయితే ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నల్ వైరు మీద వోల్టేజి చూడండి: 0.1 నుంచి 0.9 వోల్టుల వరకు ఊగుతూ ఉండాలి. సిగ్నల్ వైరు మీద ఓమ్స్ మాత్రం కొలవకండి, సెన్సర్ పాడవుతుంది.

ఇక విప్పడం. ముందురోజు సాయంత్రం, గొట్టం పూర్తిగా చల్లారాక, మరల మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. వేడి గొట్టం మీద కొడితే నిప్పంటుకుంటుంది. పొద్దున్నే ఆరుబయట ఇంజిన్ రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపండి. షెడ్డు తలుపు మూసి ఇంజిన్ తిప్పడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కాస్త వెచ్చబడితే పట్టు సడలుతుంది, కానీ ఆ కాస్త వెచ్చదనమే చెయ్యి కాలుస్తుంది. మందపాటి గ్లవ్స్ వేసుకోండి. తుప్పు రాలి కంట్లో పడుతుంది, కళ్లజోడు ఉండాలి. కింది నుంచి చెయ్యాల్సిన పనయితే హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, స్టాండ్ల మీద నిలబెట్టాకే దూరండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి వెళ్లొద్దు. ఆ తర్వాత బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి.

కనెక్టర్ లాక్ పాతబడి పెళుసుగా ఉంటుంది, మెల్లగా విప్పండి. ఎక్కువ సెన్సర్లకి 22 ఎంఎం స్పానర్ సరిపోతుంది. ఓపెన్ స్పానర్ మూలలు అరగదీస్తుంది. చీలిక ఉన్న సెన్సర్ సాకెట్ లేదంటే, కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి కనెక్టర్, వైరు పొడవు సరిచూసుకున్నాక, పాత వైరు కత్తిరించి రింగ్ స్పానర్ ఎక్కించండి. కీచుమని మూలిగితే అక్కడే ఆగాలి. వెనక్కి బిగించి, ఆయిల్ కొట్టి, మళ్లీ కొంచెం. ఇంపాక్ట్ గన్ జోలికి పోవద్దు. మరలు గరుకుగా ఉంటే 18×1.5 ట్యాప్‌కి (మరలు శుభ్రం చేసే పనిముట్టుకి) గ్రీజు రాసి మెల్లగా తిప్పండి. రజను గ్రీజుకి అంటుకుంటుంది, గొట్టంలో పడదు.

కొత్తది కిందపడిందంటే లోపలి పింగాణీ చిట్లినట్టే అనుకోండి. మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. మరలకి కంపెనీ పూసిన పూత ఉంటే ఇంకేమీ రాయక్కర్లేదు. లేకపోతే యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా, సెన్సర్ మూతికి అంటకుండా రాయండి. బిగింపు సాధారణంగా 35-45 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. దగ్గర్లో సిలికాన్ గమ్ వాడొద్దు, సెన్సర్‌కి అది విషం. చాలా సెన్సర్లు వైర్ల లోపలి నుంచే గాలి పీలుస్తాయి కాబట్టి కనెక్టర్‌లో గ్రీజు నింపడం, వైర్లకి టంకం వేయడం కూడా పనికిరావు.

చవకని యూనివర్సల్ సెన్సర్ (కనెక్టర్ లేకుండా వచ్చేది, పాత కనెక్టర్ వైర్లకి మనమే కలుపుకోవాలి) కొంటే రంగుని రంగుకి కలపొద్దు, కంపెనీని బట్టి రంగులు మారతాయి. బాష్‌లో రెండు తెలుపులు హీటర్, నలుపు సిగ్నల్. డెన్సోలో రెండు నలుపులు హీటర్, నీలం సిగ్నల్.

స్టార్ట్ చేశాక కాసేపు ఆయిల్ పొగ వస్తుంది, కంగారు పడకండి. పాత సెన్సర్ పారేసే ముందు దాని మూతి చూడండి. నల్లటి మసి పట్టి ఉంటే ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లటి పొడి ఉంటే ఎవరో సిలికాన్ పూశారు, లేదా కూలెంట్ ఇంజిన్‌లోకి దిగుతోంది. అది ఆపకపోతే ఇప్పుడు బిగించిన కొత్తదానికీ అదే గతి.