జింక్ ముక్క ఆసిడ్‌లో ఉలకదు, పలకదు: ఏం చేయాలి?

పదో తరగతి ల్యాబ్‌లో జింక్, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ప్రయోగం తేడా కొట్టగానే పిల్లలు ఆసిడ్ మీద పడతారు. "పాతబడిపోయింది సార్!" నేనైతే ముందు లోహాన్నే అనుమానిస్తాను.

బుడగలు ఒకటీ అరా వస్తున్నాయా? జింక్ మరీ శుద్ధమైనదై ఉండొచ్చు. వింతగా ఉన్నా నిజం, కల్తీ లేని జింక్ నెమ్మదిగా కరుగుతుంది. రెండు చుక్కల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం వేయండి. జింక్ మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు కడతాయి, అది రాగి. ఆ మచ్చల మీద హైడ్రోజన్ తేలిగ్గా పుడుతుంది కాబట్టి నురగ జోరందుకుంటుంది. చెంచాడు పోశారో, రాగి జింక్ ముక్కనంతా కప్పేసి ఉన్న చర్యా ఆగిపోతుంది. మెగ్నీషియం రిబ్బన్ మందకొడిగా ఉంటే మాత్రం గరుకు కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దితే చాలు.

అల్యూమినియంతోనే అసలు చిక్కు. రేకు వేశాక కొన్ని నిమిషాలు ఏమీ జరగదు. దాని మీది ఆక్సైడ్ పొర కరగాలి కదా. ఒకసారి మా క్లాసులో ఓపిక పట్టలేని ఒకడు గాఢ ఆమ్లం కలిపేశాడు. పొర పోగానే పరీక్షనాళిక చేతిలో కాలిపోయేంత వేడెక్కి, నురగ బయటికి పొంగింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మందు ఒక్కటే: ఆగడం.

వచ్చేది హైడ్రోజన్ అయితే వెలిగించిన అగ్గిపుల్ల పెట్టగానే 'టప్' మనాలి. మనలేదా? మొదట బయటికొచ్చేది నాళికలోని గాలి. నాళిక మూతిని బొటనవేలితో వదులుగా కాసేపు మూసి, వేలు తీసి, వెంటనే వెలిగించిన పుల్ల చూపండి. పెద్ద ఫ్లాస్కు మూతి దగ్గరికి మంట తేవద్దు. గాలి, హైడ్రోజన్ కలిస్తే లోపలే పేలుతుంది.

సీసం ముక్క సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మొదలెట్టినట్టే పెట్టి ఆగిపోతే, కరగని లెడ్ సల్ఫేట్ దాన్ని కప్పేసినట్టు. లోహం మార్చండి.

గోధుమరంగు పొగ వస్తే సీసా లేబుల్ చూడండి, అది నైట్రిక్ ఆమ్లం. పుట్టిన హైడ్రోజన్‌ను అది నీరుగా మార్చేస్తుంది, అందుకే 'టప్' ఉండదు. ఆ పొగ విషం, కిటికీలు తెరిచి దూరంగా జరగండి.

ఇక రాగి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే ద్రావణం లేత ఆకుపచ్చకు తిరిగిందని, రాగి ఈ ఆసిడ్‌తో చర్య జరపదన్న పాఠ్యపుస్తకం తప్పని ఏటా ఒకరు వాదనకొస్తారు. కరిగింది రాగి కాదు, తీగ మీది నల్లటి కాపర్ ఆక్సైడ్. తీగను కడిగి, రుద్ది, కొత్త ఆసిడ్‌లో వేయండి. పీరియడ్ గంట కొట్టేదాకా చూసినా బుడగ రాదు.