లేన్ నంబరు పక్కన టీహెచ్చా, ఎన్‌డీయా?

ద్వారకానగర్‌లో షాపు బోర్డుకో పెళ్లికార్డుకో ఇంగ్లిష్‌లో లేన్ నంబరు రాయించేటప్పుడు 2 పక్కన ఎన్‌డీ (nd) బదులు టీహెచ్ (th) పడిపోతుంటుంది. ముందు చివరి రెండంకెలు చూడండి. అవి 11, 12, 13 అయితే టీహెచ్చే. 111, 212 అయినా అంతే. కాకపోతే చివరి అంకె చూస్తే చాలు: 1కి ఎస్‌టీ, 2కి ఎన్‌డీ, 3కి ఆర్‌డీ, సున్నాతో సహా మిగతావాటికి టీహెచ్. ఫస్ట్, సెకండ్, థర్డ్ స్పెల్లింగుల్లో ఆఖరి రెండక్షరాలే ఇవి. (సెకండ్‌కి టూతో చుట్టరికం లేదు. 'వెంట వచ్చేది' అనే లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి దిగింది.)

అంకె కాకుండా మాటగా రాస్తే మాత్రం ఈ కిటుకు చాలదు. నైన్‌కి టీహెచ్ తగిలిస్తే చివరి 'ఈ' అక్షరం ఎగిరిపోవాలి, ట్వెల్వ్‌లో వీఈ పోయి ఎఫ్ రావాలి.