గ్రైండర్ అదురుతోందా? రాయి మార్చే ముందు మోటారు కాళ్లు చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పాత నీళ్ల మోటారుకి సాన రాయి బిగించి, ఇంట్లో ఉన్న చెక్కతో బెంచి కొట్టుకున్న గ్రైండర్లు చాలానే కనిపిస్తాయి. వానలు పడి గొడ్డళ్లు, పారలు పదును పెట్టాల్సిన రోజుల్లోనే ఇవి అదరడం మొదలుపెడతాయి.

అదురు రాగానే కొత్త రాయి కొనేస్తారు, లేదా బేరింగులు మార్పించేస్తారు. దయచేసి ముందు ఒక్క పని చేయండి. ప్లగ్ పీకి, రాయి విప్పి, మోటారుని ఉత్తగా నడిపి చూడండి. అదురు పోయిందా, తప్పు రాయిది. పోలేదా, మోటారుదో బెంచిదో.

రాయిదే అయితే

వేలికి తగిలించి చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగాలి. మొద్దుగా మోగితే పగులుంది, పారేయండి. రాయి మీద రాసిన గరిష్ఠ వేగం మోటారు వేగం కంటే ఎక్కువ ఉండాలి: మన 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోళ్ల (లోపలి అయస్కాంత ధ్రువాల) మోటారు నిమిషానికి సుమారు 2,850 చుట్లు, నాలుగు పోళ్లది సుమారు 1,440 తిరుగుతుంది. చూరు నీళ్లకు తడిసిన రాయి కూడా అదురుతుంది, ఎందుకంటే నీళ్లు పీల్చిన పక్క బరువెక్కుతుంది.

రాయి తీసినా అదురుతుంటే

అసలు దొంగ ఇక్కడే ఉంటాడు. ఎండాకాలంలో సమంగా ఉన్న బెంచి చెక్క వానలకు తేమ పీల్చి ఒంపు తిరుగుతుంది. మోటారు నాలుగు కాళ్లలో ఒకదాని కింద సందు పడుతుంది. బోల్టు బిగిసే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. ఆ బోల్టు కాలుని కిందికి లాగి మోటారు బాడీనే మెలిపెడుతుంది, రెండు బేరింగులూ ఒక వరసలో ఉండవు. అదురుతో పాటు వేడీ వస్తుంది. బేరింగులు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ అరుస్తాయి. అదురుతోందని బోల్టులు ఇంకా బిగిస్తే ఇంకా ముదురుతుంది.

పట్టుకోవడం తేలిక. రాయి లేకుండా మోటారు నడుస్తుండగా ఒక్కో బోల్టు కాస్త వదులు చేసి, చూసి, మళ్లీ బిగించండి. ఒకసారికి ఒక్కటే. ఏది వదలగానే అదురు తగ్గిందో ఆ కాలి కిందే సందు. మోటారు ఆపి, ఆ బోల్టు వదులుగా ఉండగానే గడ్డం బ్లేడు దూర్చి చూడండి. దూరితే ఇత్తడి రేకుని బోల్టు చుట్టూ పట్టేలా కత్తిరించి, సందు నిండేంత మందం పెట్టండి. ట్యూబు ముక్కలు, అట్టలు వద్దు, అవి నలిగిపోతాయి.

వచ్చే వానలకి మళ్లీ రాకూడదంటే మోటారు కింద 10 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు వేసి, ఆ ప్లేటుని చెక్కకి మూడు బోల్టులతోనే పట్టించండి. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదైనా కుదురుతుంది కదా, చెక్క ఒంగినా ప్లేటు మెలిపడదు.

మోటారు గుయ్యిమంటున్నా తిరగకపోతే

వెంటనే ఆపండి. ఓల్టేజి చూడండి, అది బాగుంటే తప్పు కెపాసిటరుది, అంటే మోటారు తిరగడానికి ఊపునిచ్చే డబ్బాది. ప్లగ్ పీకినా అందులో చార్జి ఉంటుంది, డిశ్చార్జి చేయకుండా ముట్టుకోవద్దు. అదే మైక్రోఫారడ్, అదే ఓల్టేజిది వేయండి.

షాఫ్టు వంగడం, రోటరు (లోపల తిరిగే భాగం) దెబ్బతినడం చాలా అరుదు. మోటారు కింద పడితే తప్ప వాటి జోలికి పోనక్కర్లేదు.

రాయి తిరిగి బిగించేటప్పుడు రెండు పక్కలా అట్ట వాషర్లు, ఒకే సైజు ఫ్లాంజిలు (రాయిని నొక్కి పట్టే బిళ్లలు) పెట్టండి. పనిముట్టు ఆనించే రెస్టుకీ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. గార్డు, కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయొద్దు. మొదటి నిమిషం రాయికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి.