కొరియా ప్రయాణానికి సొంతంగా నేర్చుకునే పాఠాలు – 4: అన్నం దగ్గర

పోయిన పాఠంలో సబ్‌వే ఎక్కడం, దిగడం, దారి అడగడం చూశాం. ఇప్పుడు ఆకలి వేసింది. సోల్‌లో (మనం సియోల్ అంటాం) ఏదో సందులో భోజనశాల ముందు నిలబడ్డారు. తలుపు తీసినప్పటి నుంచి డబ్బు కట్టి బయటికొచ్చేదాకా ఏం వినబడుతుందో, ఏం అనాలో, చేతులు ఎలా పెట్టాలో ఈ పాఠంలో నేర్చుకుందాం. రాజభవనాలూ గుడులూ ఎన్ని చూసినా, కొరియావాళ్ళు ఒకరినొకరు ఎలా గౌరవించుకుంటారో తెలిసేది అన్నం దగ్గరే అని నా గట్టి నమ్మకం. పైగా ఈ పాఠంలో సగం తెలుగువాళ్ళకి ముందే వచ్చు.

లోపలికి అడుగుపెట్టగానే "మ్యొత్ పునిసెయో?" అంటారు. ‘ఎంతమందండీ?’ అని. ఇందులో ‘పున్’ అనేది మనుషుల్ని గౌరవంగా లెక్కపెట్టే మాట. (విడిగా పలికితే ‘బున్’.) జవాబులో మాత్రం అది రాకూడదు. మన గురించి చెప్పుకునేటప్పుడు ‘మ్యొంగ్’ అనాలి. ఇద్దరైతే "దు మ్యొంగ్ ఇయో", ఒక్కరే అయితే "హన్ మ్యొంగ్ ఇయో". కొత్తగా నేర్చుకునేవాళ్ళు విన్న మాటనే తిప్పి అప్పజెప్పేస్తారు. మన పేరు మనం చెప్పుకుంటూ చివర ‘గారు’ తగిలించం కదా, ఆ సంగతి గుర్తుంచుకుంటే ఈ పొరపాటు రాదు.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. బల్ల మీదే మాంసం కాల్చుకునే చోట్ల కనీసం ఇద్దరికి సరిపడా తీసుకోమనడం మామూలే. ఒక్కరే ఉంటే అన్నం, సూపు పెట్టే చోటికో, గింబాప్ (సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం) దుకాణానికో వెళ్ళండి.

కూర్చున్నాక చెంచాలు కనబడకపోతే బల్ల అంచు కింద తడమండి. చాలాచోట్ల అక్కడ సొరుగు ఉంటుంది. గోడ మీద నీళ్ళ పక్కన ‘సెల్పు’ అని రాసి ఉంటే మీరే వెళ్ళి పట్టుకోవాలి. ఇంగ్లీషు ‘సెల్ఫ్’ వాళ్ళ నోట అలా మారింది.

ఇక పిలవడం. మనవాళ్ళు చాలామంది ఇక్కడే మొహమాటపడి, ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చుంటారు. ఎవరూ రారు. తినేవాళ్ళని కదిలించకపోవడమే అక్కడ మర్యాద. బల్ల మీద గంట ఉంటే నొక్కండి, లేకపోతే గట్టిగానే "యొగియో!" అనండి. ‘యొగి’ అంటే ఇక్కడ. చివరి ‘యో’ మన ‘అండీ’ చేసే పనే చేస్తుంది. అంటే మీరు "ఇక్కడండీ!" అని పిలిచారు. ‘యొ’ పలికేటప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టకుండా వదులుగా ఉంచండి, వాళ్ళ ఉచ్చారణకు దగ్గరగా వస్తుంది.

వడ్డించే పెద్దావిడని చాలామంది ‘ఇమో’ అని పిలుస్తారు. అమ్మ తోబుట్టువు అన్నమాట, మన పిన్ని, పెద్దమ్మ. యజమానిని ‘సాజాంగ్నిమ్’ అంటారు. ఆ చివరి ‘నిమ్’లో మన ‘గారు’ వినబడుతుంది. మొదటిసారి వెళ్ళిన చోట ‘యొగియో’ చాలు. రెండు మూడుసార్లు వెళ్ళి ముఖాలు గుర్తుపట్టాక ‘ఇమో’ అని చూడండి.

అడగడానికి ఒక్క క్రియ చాలు: ‘జుసెయో’, ఇవ్వండి. "ముల్ జుసెయో" అంటే నీళ్ళు ఇవ్వండి. "కిమ్చి దొ జుసెయో" అంటే కిమ్చి (కారం కలిపి పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి) ఇంకా ఇవ్వండి. మాటల వరస గమనించారా? తెలుగు వాక్యంలో ఏ మాట ఎక్కడుందో కొరియన్‌లోనూ అక్కడే ఉంది, క్రియ చివరికే వచ్చింది. ఇంగ్లీషు మీదుగా కొరియన్ నేర్చుకునేవాళ్ళు వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి. మీరు ఆ దారిన పోకండి, తెలుగులోంచే నేరుగా వెళ్ళండి.

చిన్న గిన్నెల్లో వచ్చే కూరలూ పచ్చళ్ళూ ‘బన్‌చన్’. వాటికి విడిగా డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్ళీ వేస్తారు. తినగలిగినంతే అడగండి. ఆ కిమ్చి వెనక ఇంటింటి కష్టం ఉంది. చలికాలం ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కూడి కిమ్చి పెట్టుకునే ‘కిమ్‌జాంగ్’ని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండాకాలంలో వాకిట్లో ఆవకాయ ముక్కలు కొట్టించిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ సందడి వివరించక్కర్లేదు.

శాకాహారులు ఈ భాగం రెండుసార్లు చదవండి. ‘గోగి’ అంటే మాంసం. "గోగి అన్ మొగొయో" అంటే మాంసం తినను. మనం కాదనే మాటని క్రియ వెనక చేరుస్తాం, వాళ్ళు ‘అన్’ అని ముందు పెడతారు. "గోగి ప్పేగో జుసెయో" అంటే మాంసం తీసేసి ఇవ్వండి. బిబింబాప్ (కూరలు పైన పేర్చిన కలుపుకునే అన్నం) దగ్గర ఇది బాగా పనికొస్తుంది. గొడ్డు మాంసం ఒక్కటే వద్దనుకుంటే ‘గోగి’ బదులు ‘సోగోగి’ అనండి. అయితే వంటవాళ్ళకి ‘గోగి’ అనగానే తోచేది గొడ్డు, పంది, కోడి. చేపలు, రొయ్యలు ఆ లెక్కలోకి రావు. చాలా సూపులకి ఎండు ‘మ్యొల్చి’ చేపలు మరిగించిన నీళ్ళే ఆధారం. కిమ్చిలో కూడా మామూలుగా ఉప్పులో ఊరిన చేపలో రొయ్యలో కలుస్తాయి. వాళ్ళు మిమ్మల్ని మోసం చేయరు. మీరు అడిగిన మాటకి వాళ్ళ భాషలో ఉన్న హద్దు అది.

పూర్తిగా నిశ్చింతగా తినాలంటే ‘సాచల్ ఉమ్‌షిక్’, అంటే బౌద్ధాలయాల వంట వెతుక్కోండి. అందులో మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా వాడరు. సోల్‌లో జోగ్యెసా ఆలయం దగ్గర దొరుకుతుంది. గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి వెళితే పెసలు రుబ్బుతున్న తిరగళ్ళు కనబడతాయి. నానిన పెసల పిండిలో మొలకలూ కిమ్చీ కలిపి నూనెలో మందంగా వేయించే ఆ అట్టు ‘బిందేత్తొక్’. పెసరట్టు ఎరిగిన నాలుక దాన్ని వెంటనే పోల్చుకుంటుంది. కొన్నిచోట్ల పంది మాంసం కలుపుతారు కాబట్టి ముందే అడగండి.

అన్నం మూత ఉన్న స్టీలు గిన్నెలో వేడివేడిగా వస్తుంది. జపాన్‌లోలాగా గిన్నె చేతిలోకి ఎత్తుకోకూడదు, బల్ల మీదే ఉంచాలి. అన్నం, సూపు చెంచాతో తినాలి, కూరలకి పుల్లలు (చాప్‌స్టిక్స్). అవి లోహంతో చేసిన చదునైన పుల్లలు, జారతాయి. ఇంట్లో వేరుశనగ గింజలతో సాధన చేయండి. చెంచాని అన్నంలో నిలువుగా గుచ్చి వదలకండి. పితృదేవతలకి ‘జెసా’ పెట్టేటప్పుడు అలా గుచ్చుతారు. మన దగ్గర పిండం పెట్టే తీరులో బతికున్న మనిషికి వడ్డించం కదా.

పెద్దవాళ్ళతో కూర్చుంటే వాళ్ళు చెంచా ఎత్తాకే మనం ఎత్తాలి. వాళ్ళ గ్లాసులో పోసినా, వాళ్ళు పోస్తుంటే పట్టుకున్నా రెండు చేతులు ఉండాలి. మద్యం అయితే ముఖం కాస్త పక్కకి తిప్పుకుని తాగుతారు. తినేముందు "జల్ మొక్కెస్సుమ్నిదా" (బాగా తింటానండీ), తిన్నాక "జల్ మొగొస్సుమ్నిదా" (బాగా తిన్నానండీ) అనాలి. వండినవాళ్ళకి, పెట్టినవాళ్ళకి ఆ మాట చేరాలి, నోట్లో గొణిగితే సరిపోదు.

ఇంకొక పలకరింపు: "బమ్ మొగొస్సొయో?" అన్నం తిన్నారా? భోజనవేళ ఎదురైతే మనం అడిగినట్టే వాళ్ళూ అడుగుతారు. "నే, మొగొస్సొయో" (అవును, తిన్నానండీ) అంటే సరిపోతుంది, ఏం తిన్నారో చెప్పక్కర్లేదు. అన్నం ‘బప్’ కదా, ‘బమ్’ ఎలా అయింది? వాక్ + మయం వాఙ్మయం అయినట్టే, వెనక ‘మ’ రావడంతో ‘ప్’ అనునాసికమైంది. తాతగారి వయసువాళ్ళనైతే "జిన్‌జి దుషొస్సొయో?" అని అడగాలి. ‘తిన్నావా’కీ ‘భోంచేశారా’కీ ఎంత దూరమో ఇక్కడా అంతే దూరం, అన్నం అనే మాటే మారిపోతుంది.

డబ్బు గుమ్మం దగ్గరి కౌంటర్లో కట్టాలి. "గ్యెసన్‌హే జుసెయో" అంటే లెక్క కట్టండి. కార్డు రెండు చేతులతో ఇవ్వండి. టిప్పు ఇచ్చే అలవాటు లేదు.

వచ్చే పాఠంలోగా చేయాల్సినవి:

ముగ్గురు వెళ్ళారు, మూడు ‘సె’. ఏమని జవాబిస్తారు?

‘గ్యెరన్’ అంటే గుడ్డు. గుడ్డు తీసేసి ఇవ్వమని అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా వారం రోజులపాటు మంచినీళ్ళు రెండు చేతులతో పోసి అందించండి. చేతికి అలవాటైతే అక్కడ తడుముకోనక్కర్లేదు.